నక్షత్రాన్ని నడిపిన రిమోటు

నర్సీపట్నం రోడ్డు అనే రైల్వేస్టేషన్ మీద నాకో ఫిర్యాదు ఉంది. అక్కడ దిగితే నర్సీపట్నం రాదు, రోడ్డు వస్తుంది. ఆ రోడ్డు పట్టుకుని మా ఊరు చేరేసరికి రైల్లో తిన్న టిఫిను అరిగిపోతుంది. తెలిసినవాళ్లు యలమంచిలిలో దిగి బస్సెక్కుతారు. తెలియని చుట్టాలు బోర్డు చూసి దిగిపోయి, వచ్చేశాం, ఎవర్నైనా పంపించండని ఫోన్ చేస్తారు. పైన రాసింది చూసి లోపల సరుకుని నమ్మకూడదని నాకు మొదట నేర్పింది ఆ బోర్డే. వీడియో గేమ్ రిమోట్ల విషయంలో ఆ పాఠం నాకు చాలా పనికొచ్చింది. కాస్త ఆలస్యంగా, అంతే.

తొంభైల్లో మా బస్ కాంప్లెక్సు వెనక సందులో ఒక వీడియో గేమ్ షాపు ఉండేది. చేత్తో పట్టుకుని బటన్లు నొక్కే డబ్బాని మిగతా ప్రపంచం ఏమనేదో గానీ మేం రిమోటు అనేవాళ్లం. టీవీకి రెండు రిమోట్లు. మొదటిది పనిచేసేది, రెండోది నాకిచ్చేవాళ్లు. దాంతో ఆడితే తెరమీద నా మనిషి ఎడమవైపుకి మాత్రమే నడిచేవాడు. నా తరఫున కొంచెం వినయంగా కనబడేవాడు.

పక్కనే రేడియో మెకానిక్ ఉండేవాడు. ఊళ్లో పాడైన ప్రతి రిమోటూ ఆయన చేతిలోంచి వెళ్లాల్సిందే. బటన్ ఊడితే కాలింగ్ బెల్ బటన్ పెట్టేవాడు. స్క్రూ పోతే టేప్‌రికార్డరుది, వైరు తెగితే సైకిల్ లైటుది. పనయ్యాక స్క్రూ తలమీద వాళ్లావిడ ఎర్ర నెయిల్ పాలిష్ ఒక చుక్క వేసేవాడు. ఇంకెవరైనా విప్పి పాడుచేసి, మళ్లీ ఉచితంగా బాగుచెయ్యమని ఆయన నెత్తిమీద పెట్టకుండా అది ఆయన సీలు.

రెండువేల సంవత్సరం దాటాక ఇంటింటికీ కంప్యూటర్లు రావడం మొదలై, ఆ షాపులు ఒక్కొక్కటే మూతపడ్డాయి. నేను డిగ్రీ ముగించి ఒక ట్యుటోరియల్ కాలేజీలో ఫిజిక్స్ చెప్పుకుంటున్నాను. మూసేస్తున్న షాపుల్లోంచి చచ్చిన రిమోట్లు తెచ్చి గోనెసంచిలో వేసుకునేవాణ్ని. ఎందుకని ఇంట్లో అడిగితే సరైన జవాబు లేదు. చిన్నప్పుడు కుడివైపుకి వెళ్లలేకపోయినవాడికి ఇలాంటి కోరికలు ఉంటాయేమో.

జవాబు నెట్ సెంటర్లో దొరికింది. కంపెనీలు కొత్త రిమోటు అమ్మకానికి పెట్టేముందు, పనిచేస్తుందో లేదో చూసుకోవడానికి చేత్తో కొన్ని నమూనాలు తయారుచేస్తాయట. తర్వాత వాటిని పారేస్తాయి. ఆ పారేసినవాటి కోసం విదేశాల్లో కొందరు జీవితాలు వెచ్చిస్తున్నారు. వాళ్లకో వెబ్‌సైటు కూడా ఉంది. నమూనాని గుర్తుపట్టే ఆనవాళ్లు అందులో రాసిపెట్టారు: కంపెనీ పేరు ఉండదు, చేత్తో వేసిన టంకం ఉంటుంది, ఒక స్క్రూకీ ఇంకో స్క్రూకీ పొంతన ఉండదు, బటన్లు వింతగా ఉంటాయి.

ఇంటికొచ్చి సంచి బోర్లించాను. ఈ లెక్కన నర్సీపట్నంలోని ప్రతి రిమోటూ నమూనాయే. ఒక వారంపాటు నేను ప్రపంచంలోకెల్లా పెద్ద రిమోట్ల కలెక్టర్ని. ఫోటోలు తీసి ఆ వెబ్‌సైటులో పెట్టాను. పేరుమోసిన ఒక పెద్దాయన స్పందించి, బటన్ మీద ఆ గంట బొమ్మ ఏమిటని అడిగాడు. దగ్గరగా చూశాను. కాలింగ్ బెల్లు. ఆయన నా ఆసక్తిని మెచ్చుకుని, శుభం పలికి సెలవు తీసుకున్నాడు. నన్ను అంత మర్యాదగా ఎవరూ వెధవని చెయ్యలేదు.

అప్పట్నుంచి నా పరీక్ష మారింది. ముందు నెయిల్ పాలిష్, తర్వాతే మిగతావి. ఆ పరీక్షకి సంచిలో ఒక్కటీ నిలబడలేదు. గొలుగొండ వెళ్లాను, ఎస్. రాయవరం వెళ్లాను. ప్రతి ఊరికీ ఒక మెకానిక్ ఉన్నాడు, ప్రతివాడికీ ఒక సీలుంది. యలమంచిలాయన లక్క వాడేవాడు, ఇంకొకాయన కొవ్వొత్తి మైనం. కొన్నాళ్లకి స్క్రూ చూసి ఊరు చెప్పగలిగే స్థితికి వచ్చాను. ఆ విద్యకి గిరాకీ లేదు.

అలా ఉండగా క్రిస్మస్ వచ్చింది. మా చర్చిలో ఏటా పిల్లల నాటకం. వెనక నీలం దుప్పటి, దానిమీద తూర్పు మూల నుంచి, యేసు పుట్టిన బెత్లెహేము పశువుల పాక దాకా వరసగా చిన్న బల్బులు. ఒకటారి ఇంకొకటి వెలుగుతుంటే నక్షత్రం నడుస్తున్నట్టుంటుంది. దాని వెనకే గెడ్డాలు పెట్టుకున్న ముగ్గురు జ్ఞానులు ఒంటెతో నడుస్తారు. దాన్ని నడిపేది మా సండే స్కూల్ టీచరమ్మగారు. తెరచాటున కుర్చీలో కూర్చుని, ఒక రిమోటు మీద బటన్లు నొక్కుతూ నడుపుతారు.

ఆ రిమోటు నా చిన్నప్పుడు విదేశీ మిషనరీలు పంపిన పార్సిల్లో వచ్చింది. దాంతోపాటు స్వెటర్లు కూడా. మా ఎండకి స్వెటర్లు పంపినందుకు చర్చంతా నిలబడి కృతజ్ఞతలు చెల్లించాం. రిమోటుని తగిలించే వీడియో గేమ్ మాత్రం రాలేదు. టీచరమ్మగారు దాన్ని పారెయ్యకుండా మన మెకానిక్‌కి ఇస్తే, ఆయన వైరు కొసన ఉన్న ప్లగ్గు కోసి బల్బులకి కలిపాడు. చిన్నప్పుడు ఏటా నేను ఒంటెకి వెనక కాళ్లుగా వేసేవాణ్ని కాబట్టి నక్షత్రాన్ని ఎప్పుడూ సరిగ్గా చూడలేదు.

ఆ ఏడు దుప్పటి పట్టుకోవడానికి తెరవెనక నిలబడ్డాను. టీచరమ్మగారు నొక్కుతున్నారు, బల్బులు వెలుగుతున్నాయి. ఆ ఆకారం రిమోట్లు నా సంచిలో ఉన్నాయి, విప్పి చూసినవాణ్ని. వాటిలో ఒక చిప్ ఉంటుంది. అన్ని బటన్ల కబుర్లూ అదే పోగుచేసి సన్నటి వైరులో పంపుతుంది. దాంతో బల్బులు ఇలా విడివిడిగా వెలగవు. వెలుగుతున్నాయంటే ప్రతి బటన్‌కీ సొంత వైరు ఉన్నట్టే. అంటే ఇది ఇంకా చిప్ పెట్టకముందు చేసిన రిమోటు. వంగి చూశాను. నా సంచిలోవాటికి కుడిపక్క ఆరు బటన్లు. దీనికి మధ్యలో ఇంకొకటుంది.

"ఏడు" అన్నాను, కొంచెం పైకే. పిల్లలు పాడుతున్న పాటలో ఏడు లేదు.

ప్రార్థన అయ్యాక టీచరమ్మగారికి వందనాలు చెప్పి, రిమోటు ఇమ్మని అడిగాను. ఆవిడ నన్ను ఎగాదిగా చూశారు.

"ఇచ్చేస్తే నక్షత్రాన్ని ఎవరు నడుపుతారు బాబూ, నువ్వా?"

ఇంకొకటి చేసిస్తానన్నాను. ఆవిడ షరతు పెట్టారు. నేను చేసింది ఒక క్రిస్మస్ నడవాలి. నక్షత్రం ఎక్కడ ఆగిపోయినా పాతది ఆవిడ బిస్కెట్ల డబ్బాలోనే ఉంటుంది. బేరం ఆడే చోటు కాదది.

ఆ ఏడాదంతా నేను మెకానిక్ షాపు ముందు నుంచి అవసరానికి మించి తిరిగాను. టీచరమ్మగారు ఏదైనా తెస్తే దయచేసి విప్పొద్దని బతిమాలాను. "పాడవందే నానెందుకు ముట్టుకుంతాను బాబూ" అన్నాడాయన, నొచ్చుకుని. నేను సోపు పెట్టెలో బటన్లు బిగించి కొత్త డబ్బా చేశాను. అవి కాలింగ్ బెల్ బటన్లేనని వేరే చెప్పక్కర్లేదు.

క్రిస్మస్ వచ్చింది. నక్షత్రం బయల్దేరింది. మూడు బల్బులు బాగా నడిచి, నాలుగోదాని దగ్గర ఆగిపోయింది. టీచరమ్మగారి వేలు కదల్లేదు. నేను మనసులో టంకాలన్నీ మొదట్నుంచీ మళ్లీ వేసుకుంటూ వచ్చాను. ఆవిడ నా వైపు తిరక్కుండానే గుసగుసగా అన్నారు, "ఉండు బాబూ. జ్ఞానికి గెడ్డం ఊడిపోయింది."

గెడ్డం అతికించుకుని జ్ఞాని కదిలాడు. నక్షత్రం కూడా కదిలి, పాక మీదికి వెళ్లి నిలబడింది. ఆ రాత్రి బెత్లెహేములో నాకంటే సంతోషించినవాడు ఇంకొకడు లేడు.

మర్నాడు ఆవిడ ఇంట్లో, ఆవిడ ఎదురుగానే విప్పాను. స్క్రూల మీద నెయిల్ పాలిష్ లేదు. లక్క లేదు, మైనం లేదు. లోపల గోధుమరంగు బోర్డు, దానిమీద అచ్చు అక్షరం ఒక్కటీ లేదు, పెన్నుతో రాసిన గుర్తులు. బటన్‌కొక వైరు. ఇందులో టంకం కూడా చేత్తో వేసిందే, కానీ మా జిల్లా చెయ్యి కాదు. అంతవరకు నేను ప్రమాణం చెయ్యగలను.

ఫోటోలు పెట్టాను. ఈసారి ఆ పెద్దాయన మర్యాదలన్నీ మర్చిపోయి, ఇది అసలుదే, ఇలాంటిదొకటి ఉందని వినడమే గానీ ఎన్నడూ చూడలేదు, ఎక్కడ దొరికిందని అడిగాడు. బెత్లెహేములో అని రాశాను. అమ్ముతావా అన్నాడు. ఆయన ఆసక్తిని మెచ్చుకుని, శుభం పలికి సెలవు తీసుకున్నాను.

ఈ విజయం ముందుగా చెప్పాల్సింది టీచరమ్మగారికే కదా. రిమోటు పట్టుకుని వెళ్లి, వివరంగా చెప్పాను. కంపెనీవాళ్లు పరీక్షకి చేసుకున్నది ఇదేనని, ఏడో బటన్ అక్కర్లేదనుకుని మానేశారని, తర్వాత దుకాణాల్లోకి పంపినవన్నీ ఆరు బటన్లవేనని, దీన్ని పక్కన పెట్టేశారని, అందుకే దీనికింత విలువని. ఆవిడ కళ్లజోడు పెట్టుకుని రిమోటుని అటూ ఇటూ తిప్పి చూశారు. ఏడో బటన్ ఒకసారి నొక్కారు.

"అంటే పనికిరాదని తీసేసిందే మాకు పంపేరన్నమాట," అన్నారు.