ఎం.టెక్.లో చేరే ముందు కొండపల్లి అవతలి కొత్త కాలేజీ చూసొచ్చిన రోజు

రెండు వేల సంవత్సరం దాటిన కొత్తలో మాట. బి.టెక్. అయ్యాక నాతో చదివినవాళ్లంతా కంప్యూటర్ కోర్సులకు హైదరాబాద్ వెళ్లిపోయారు. నేను కైకలూరు దగ్గర మా అన్నయ్య చేపల చెరువుల మీద కాపలాగా ఉండిపోయాను. థర్మల్ ఇంజినీరింగ్‌లో ఎం.టెక్. చేయాలని నా కోరిక. నా ర్యాంకుకు ఆ సీటు కొండపల్లి అవతల కొత్తగా పెట్టిన కాలేజీలోనే వచ్చేలా ఉంది. పేరున్న పాత కాలేజీల్లో అయితే ఇష్టంలేని బ్రాంచి. మర్నాడే కౌన్సెలింగ్. ఏదో ఒకటి తేల్చుకోవాలి, చూసొద్దామని బయల్దేరాను.

పొద్దున్నే కైకలూరులో ప్యాసింజర్ ఎక్కి విజయవాడలో దిగాను. స్టేషన్ బయట ఇడ్లీ తిని ఇబ్రహీంపట్నం సిటీ బస్సెక్కాను. భవానీపురం దాటాక ఎడమ పక్క కృష్ణ కనిపిస్తుంది, అటువైపు కూర్చోండి. ఇబ్రహీంపట్నం సెంటర్ నుంచి షేర్ ఆటో. డ్రైవర్ అద్దంలో చూసి, “ఉద్యోగానికాండీ?” అన్నాడు.

“చదువుకి. ఎం.టెక్.”

“అయితే ఇదే ఆఖరుసారి అన్నమాట. ఆ చదువుకి చేరినోళ్లెవరూ రెండోసారి నా ఆటో ఎక్కలేదండి.”

నాకు అర్థం కాలేదు. ఆఫీసులో అర్థమైంది. గుమాస్తా కుర్చీ చూపించి, మంచినీళ్లిచ్చి, “మీరేం కంగారు పడకండి. రోజూ రానక్కర్లేదు. హాజరు మేం చూసుకుంటాం. మీ ఉద్యోగం మీరు చేసుకోండి” అన్నాడు.

“నేను రోజూ వద్దామనుకుంటున్నానండి.”

“రోజూనా? ఎందుకండీ?” అతను నిజంగానే అడిగాడు.

పాఠం చెప్పే ఆయన్ని చూడాలన్నాను. పై అంతస్తులో, సున్నం వాసన పోని గదిలో ఒక పెద్దాయన కూర్చుని ఉన్నారు. పవర్ స్టేషన్‌లో పనిచేసి రిటైరయ్యారట. నిరుడు చేరినవాళ్ల మొహాలు పరీక్షల్లోనే చూశానన్నారు.

“నేనొస్తే చెబుతారాండీ?”

“చెబుతానయ్యా. ఒక్కడున్నా బోర్డు మీద రాసే చెబుతా. కానీ రెండేళ్లు పక్కన మాట్లాడే మనిషుండడు. ఆలోచించుకో.”

“ఇప్పుడు మా చేపల చెరువు కాపలాలోనూ ఒక్కణ్నేనండి.”

“అక్కడ చేపలన్నా ఉంటాయి కదయ్యా,” అని నవ్వారు. నేనూ నవ్వాను. తిరిగొచ్చేటప్పుడు ఆటో కోసం ఎండలో చాలాసేపు నిలబడాల్సి వచ్చింది. ఆటో వచ్చేసరికి నిర్ణయం అయిపోయింది. మర్నాడు కౌన్సెలింగ్‌లో ఆ కాలేజీ పేరే చెప్పాను.

ఆ పెద్దాయన మాట తప్పలేదు. అర్థం కానప్పుడు వెనక దాక్కోవడానికి నాకు ముందు వరసలో ఎవరూ లేరు, అందుకే అర్థమయ్యేదాకా అడిగాను. మధ్యాహ్నం క్యారేజీ ఒక్కణ్నే విప్పుకునేవాణ్ని. పండగ సెలవుల తర్వాత తిరిగొస్తే ఎలా ఉన్నావని అడిగేది ఆయన ఒక్కరే. చదువు వచ్చింది. స్నేహితుడు ఒక్కడూ దొరకలేదు. పట్టాలిచ్చిన రోజు ఫోటోకు చాలామంది వచ్చి నా పక్కన నిలబడ్డారు. వాళ్లలో ఒక్కరి పేరూ నాకు తెలియదు.

మీరూ కొత్త కాలేజీ చూడ్డానికి వెళ్తుంటే ఆఫీసులో మాట్లాడి వచ్చేయకండి. మీకు పాఠం చెప్పబోయే మనిషిని చూపించమనండి. చూపించలేకపోతే తిరుగు బస్సెక్కండి.