తనిఖీ రోజు తలస్నానం

మా పక్కింటి అవ్వ ఆదివారం పూట తలకు పోసుకుని మా మెట్ల మీద ఎండకు కూర్చుంటుంది. సీకాయ వాసన, తడిసిన తెల్ల వెంట్రుకల వాసన కలిసి మా వంటింటి కిటికీలోంచి లోపలికి వస్తాయి. ఎవరికైనా అది పండగ వాసన. నాకు మాత్రం కాదు. పొయ్యి ఆపేసి, తుండుగుడ్డ తీసుకుని బయటికి పోతాను. "ఏంది పాపా, నా తల నేను తుడుచుకోలేనా? నీకేం పనీపాటా లేదా?" అని అవ్వ కసురుకుంటుంది. ఆ కసురు వింటే నా ప్రాణం కాస్త కుదుటపడుతుంది. ఎందుకో చెప్పాలంటే నాగరత్నమ్మ మేడం గురించి చెప్పాలి.

ఆమె నాకు మొదటి పై అధికారి. హిందూపురం బజారులో పాత్రల అంగడి నడిపిన ఇంట్లో పుట్టి, చాలా ఏళ్ళు నర్సుగా చేసి, తర్వాత మా ఆఫీసుకు వచ్చారు. మంచం పట్టిన ముసలివాళ్ళను ఉంచుకునే ఆశ్రమాలకు పోయి, అక్కడ వాళ్ళను ఎలా చూసుకుంటున్నారో తనిఖీ చేసి, అనుమతి కొనసాగించాలో వద్దో రాయడం మా పని. మనిషి పొట్టి, మాట గట్టి. పెళ్ళెందుకు చేసుకోలేదని అడిగినవాళ్ళతో "తీరిక కాలేదబ్బా" అనేవారు. కనగానపల్లి సేద్యగాళ్ళ ఇంటి నుంచి వచ్చిన నాకు కొత్తలో ఆమెను చూస్తే హడలు. ఫైలు తప్పుగా కడితే ఆమె ఏమీ అనేవారు కాదు. విప్పి మళ్ళీ నా ముందు పెట్టేవారు, అంతే. అది తిట్టుకంటే ఘోరం.

నా మొదటి తనిఖీ పెనుకొండలో. కొండ వైపు కొత్తగా కట్టిన ఆశ్రమం. చలికాలం. నిబంధన ప్రకారం ముందుగా కబురు పంపి పోయాం. నిర్వాహకుడు గేటు దగ్గరే ఎదురొచ్చి మేడంకు శాలువా కప్పబోతే ఆమె దాన్ని తీసి, వణుకుతున్న ఒక ముసలామె ఒళ్ళో పెట్టారు. లోపల నేలంతా చలువరాయి, అద్దంలా ఉంది. అవ్వలందరూ ఒకే రంగు చీరలు కట్టుకుని, తలలు దువ్వుకుని, బడిపిల్లల్లా వరుసగా కూర్చుని ఉన్నారు. నాకు కళ్ళు చెమర్చినంత పనైంది. ఎంత బాగా చూసుకుంటున్నారో అనుకున్నాను. మేడం మాత్రం గోడలూ నేలా చూడలేదు. మొదటి కుర్చీలో ఉన్న అవ్వ మెడ వెనక, జుట్టు కుదుళ్ళలోకి వేళ్ళు పోనిచ్చారు.

"తలకు ఎప్పుడు పోసినారమ్మా?"

"తెల్లారకముందే పోసినారు తల్లీ. మీరు వస్తాండారంట కదా, అందరికీ పోసినారు."

"వేన్నీళ్ళా, చన్నీళ్ళా?"

అవ్వ నిర్వాహకుడి వైపు చూసింది. "వేన్నీళ్ళే" అంది. అంటుంటే కింది పెదవి వణికింది.

ఆ వారం దాటకముందే ఆ అవ్వ పోయిందని తెలిసింది. జలుబు రొమ్ముకు దిగిందట. మేడం ఆ కబురు నిలబడే విన్నారు. తర్వాత నాతో అన్నారు: "మనం చెప్పకుండా పోయింటే ఆ యమ్మ బతికుండేది పాపా. బాగుండారా అని చూసేకి పోయి, మనమే చంపి వచ్చినాం." పైన పటారం, లోన లొటారం అని నలుగురూ తేలిగ్గా అనే మాట వెనక ఒక మనిషి ప్రాణం ఉండగలదని నాకు అంతకు ముందు తెలియదు.

ఆ తర్వాత ఆమె కబురు పంపడం మానేశారు. బస్సు ఒక స్టాపు ముందే దిగేవాళ్ళం. గుడి చూసి వచ్చినవాళ్ళ వేషం మాది. చేతిలో పూలబుట్ట, నుదుట కుంకుమ. "లేపాక్షి పోయి వస్తాండామప్పా, దప్పికగా ఉండాది, రవన్ని నీళ్ళిస్తారా?" అని లోపలికి నడిచేవారు. ఒకచోట వాచ్‌మన్ ఆమెను గుర్తుపట్టి, "మేడం, మొన్న కూడా లేపాక్షి నుంచే వచ్చినారు కదా" అన్నాడు. "దేవుడు రోజూ ఉంటాడు కదప్పా" అని ఆగకుండా లోపలికి పోయారు. తిరుగు బస్సులో తలుచుకుని తలుచుకుని నవ్వాం. ఆమె అంతగా నవ్వగా నేను మళ్ళీ చూడలేదు.

ధర్మవరంలో మగ్గాల వీధి చివర ఒక ఆశ్రమం ఉండేది. గోడలకు సున్నం లేదు. ఒకప్పుడు నేతపని చేసిన ముసలివాళ్ళే ఎక్కువ. మేం పోయేసరికి ఒక అవ్వ మంచం మీద కూర్చుని వంటమనిషిని దులిపేస్తోంది. "ఈ యమ్మికి సంగటి గెలికేది రాదు. రాయి మాదిరి ఉండాది. నాకేమన్నా నోట్లో పండ్లుండాయా?" వంటమనిషి గరిటె పట్టుకునే వచ్చింది. "పండ్లు లేకపోతే ఏమవ్వా, నోరుండాది కదా!" మంచాల మీద ఉన్నవాళ్ళంతా నవ్వారు. అవ్వ కూడా నవ్వింది. నవ్వుతూనే ఆ సంగటి వంటమనిషి చేత్తో మెత్తగా పిసికించుకుని తింది. నేను గోడల గురించి రాసుకుంటుంటే మేడం నా చెయ్యి పట్టి ఆపారు. "సున్నం ఎప్పుడైనా కొట్టొచ్చు. ఈడ ముసలోళ్ళు తిడతాండారు చూడు. తిట్టేకి ధైర్యముండాదంటే, తిట్టినా అన్నం పెడతారని నమ్మకముండాదని అర్థం. యాడన్నా పోయినప్పుడు అందరూ మెచ్చుకుంటాండారంటే, ఆడ భయపడాల మనం."

తనిఖీ అంటే ఏమిటో నేను నేర్చుకున్నది ఆ ఒక్క మాటలోనే. ఆఫీసులో మాత్రం ఆ మాటకు చోటు లేదు. గోడలు, మెట్లు, చక్రాల కుర్చీ పోయే దారి, వీటికే లెక్క. మేడం ఎంత రాసినా, ఎంత మొత్తుకున్నా ధర్మవరం ఆశ్రమానికి అనుమతి రద్దు చేశారు. ముసలివాళ్ళను వ్యాన్లలో ఎక్కించి దొరికిన చోటికల్లా పంపారు. సంగటి అవ్వ వంతుకు పెనుకొండ చలువరాళ్ళ ఆశ్రమం వచ్చింది. కొన్నాళ్ళకు అక్కడికి పోయాం. ఈసారి ఆఫీసువాళ్ళే ముందుగా కబురు పంపేశారు. అదే రంగు చీరలో, అదే వరుసలో ఆమె కూర్చుని ఉంది. మేడం వంగి, "సంగటి ఎట్ల చేస్తాండారవ్వా ఈడ?" అని అడిగారు. తిడుతుందని ఇద్దరం ఆశగా చూశాం. అవ్వ తల దించుకుని, "బాగా చూసుకుంటాండారమ్మా" అంది. మేడం బయటికి వచ్చి గేటు పక్కన అరుగు మీద కూలబడ్డారు. కొంగు నోటికి అడ్డం పెట్టుకుని ఏడ్చారు. "నోరు పోయింది పాపా. ఆ యమ్మకు ఉండిన ఆస్తి అదొక్కటే, అది కూడా తీసేసినారు."

చెప్పకుండా పోతున్నందుకు ఆమె మీద ఫిర్యాదులు వచ్చాయి. ముందుగా తెలపనిదే ఎవరూ తనిఖీకి పోరాదని గట్టిగా ఆదేశాలు వచ్చాయి. ఆమె రిటైరయ్యారు. ఆ కుర్చీలోకి నేను వచ్చాను, ఆదేశాలు అలాగే ఉన్నాయి. తర్వాత ఆమెకు పక్షవాతం వచ్చి ఎడమ వైపు పడిపోయింది. తమ్ముడి కొడుకు హిందూపురం పొలిమేరలో ఉన్న ఒక ఆశ్రమంలో చేర్చాడు. నేను చూడటానికి పోతే నన్ను ముందు గదిలోనే కూర్చోబెట్టి, ఆమెను చక్రాల కుర్చీలో తెచ్చి చూపించి తీసుకుపోయేవారు. ఆ ఆశ్రమం తనిఖీ వంతు మార్గశిరంలో వచ్చింది. ఈ ఒక్కసారికి వాళ్ళకు చెప్పవద్దని ఆఫీసులో బతిమాలాను. "ఎప్పుడో ఫోన్ చేసేసినాం మేడం, నిబంధన కదా" అన్నారు.

పోయాను. ఒకే రంగు చీరల వరుస. చివరి కుర్చీలో నాగరత్నమ్మ మేడం. ఎడమ చెయ్యి ఒళ్ళో పడి ఉంది. నుదుట ఎవరో పెద్ద బొట్టు పెట్టారు. తల నున్నగా దువ్వారు. చెవి వెనక నుంచి ఒక నీటిచుక్క మెడ మీదికి జారింది. నా చెయ్యి దానంతట అదే ఆమె కుదుళ్ళ వైపు పోయింది. ఆమె కుడిచేత్తో దాన్ని అడ్డుకున్నారు.

"వేన్నీళ్ళే పోసినారమ్మా" అన్నారు, నేనేమీ అడగకముందే.

"మేడం, నేను. మీ కనగానపల్లి పిల్లను."

ఆమె నా ముఖం చూడలేదు. నా భుజం మీదుగా, వెనక నిలబడిన నిర్వాహకుడి వైపు చూశారు. "బాగా చూసుకుంటాండారు. శానా బాగా చూసుకుంటాండారు."

నన్ను మరిచిపోయి అలా అన్నారో, గుర్తుపట్టే అన్నారో నాకు ఇప్పటికీ తెలియదు. గుర్తుపట్టే అన్నారేమో అనుకున్నప్పుడే ఎక్కువ బాధ. అందరూ చూస్తుండగా నా కొంగుతో ఆమె తల తుడిచాను. నాకు ఒళ్ళు మండిపోయింది. ఆఫీసుకు వచ్చి ఉన్నదున్నట్టు రాశాను. "ముసలివాళ్ళకు స్నానం చేయించడం కూడా తప్పేనా?" అని పైనుంచి అడిగారు. అనుమతి కొనసాగింది. మేడంను మా ఇంటికి తెచ్చుకుంటానని ఆమె తమ్ముడి కొడుకును అడిగాను. బయటివాళ్ళ ఇంటికి పంపితే నలుగురూ ఏమంటారన్నాడు. పోనీ వేరే చోటికి మార్చమన్నాను. "ఏ చోటో మీరే చెప్పండక్కా. అన్నీ చూసి వచ్చేది మీరే కదా?" అన్నాడు. ఎగతాళికి కాదు, నిజంగానే అడిగాడు. హిందూపురం, పెనుకొండ, ధర్మవరం, మూడు ఊళ్ళలోనూ నేను చూడని ఆశ్రమం లేదు. చెప్పదగిన ఆ ఒక్క చోటికీ తాళం వేసింది మా ఆఫీసే.

మేడం ఆ నెల దాటలేదు. జలుబు రొమ్ముకు దిగిందన్నారు.

ఇప్పటికీ తనిఖీలకు పోతూనే ఉన్నాను. ఇప్పటికీ ముందుగా ఫోన్ పోతూనే ఉంది. నా సంచిలో కాగితాల కింద పొడి తుండుగుడ్డలు పెట్టుకుంటాను. పోగానే వరుసలో మొదటి కుర్చీ దగ్గర మొదలుపెట్టి ఒక్కొక్కరి తలా తుడుస్తాను. నిర్వాహకులు పక్కకు తిరిగి నవ్వుకుంటారు, నవ్వుకోనీ. తుడుస్తూ అడుగుతాను, సంగటి ఎలా ఉంది, నీళ్ళు ఎలా ఉన్నాయి, ఎవరైనా విసుక్కుంటున్నారా అని. బాగా చూసుకుంటున్నారని అందరూ ఒకే మాట చెబుతారు. నేను తొందరపడను. చివరి కుర్చీ దాకా పోతాను. "నా తల నేను తుడుచుకోలేనా" అని ఒక్కరైనా నన్ను కసురుకోకపోతారా అని, వీలైనంత నిదానంగా తుడుస్తాను. ఇంతవరకు ఎవరూ కసురుకోలేదు.