మూడుసార్లు కోసిన ముక్క

మా ల్యాబ్‌లో ఆమెను అందరం కొలతలక్క అంటాం. టీలో చక్కెర కూడా తూచి వేసుకునే రకం. పద్దెనిమిదేళ్లుగా ఆమె చేసేది ఒకే పని. మైనపు దిమ్మలో పెట్టిన కణితి ముక్కను ఉల్లిపొర కన్నా పల్చగా కోసి, అందులోని మైక్రోఆర్‌ఎన్‌ఏలను లెక్కించాలి. అవి కణంలో ఉండే అతి చిన్న తునకలు. ఏ జన్యువు మాట చెల్లాలో, ఏది నోరు మూసుకోవాలో చూస్తుంటాయి. మూత్రాశయ క్యాన్సర్‌లో వాటిలో ఒక రకం తగ్గిపోతే కణాలు ఒకదాన్నొకటి పట్టుకుని ఉండవు, గోడ దాటి ఒళ్లంతా పాకుతాయి. ఇదింకా పరిశోధనే. మా అంకె చూసి ఎవరికీ వైద్యం మార్చరు.

దిమ్మల మీద పేర్లుండవు, నంబర్లే. ఆ సోమవారం ట్రేలో వచ్చిన నంబరు ఆమెకు కంఠతా వచ్చు. అద్దకం మిల్లులో ముప్పయ్యేళ్లు పనిచేసిన అన్నయ్యది. ఆపరేషన్ రోజు ఆ నంబరు చీటీ పట్టుకుని కూర్చుంది తనే. సొంతవాళ్లది వస్తే పక్కవాళ్లకు ఇచ్చేయాలన్నది మా నియమం. ఆమె ఇవ్వలేదు. లెక్క మరీ తక్కువొచ్చింది. తన చేతినే నమ్మలేక మళ్లీ కోసింది. అదే అంకె. మూడోసారీ కోసింది. అంత జాగ్రత్తపరురాలి బుద్ధి ఆ పూట గడ్డి తిన్నది! నాకిప్పటికీ కోపమే, జాలి కూడా.

మర్నాడు పెద్ద డాక్టరమ్మ ఆ దిమ్మ అడిగింది. జబ్బు కండరం దాకా దిగిందో లేదో ఇంకో పొర కోసి చూడాలట. మూత్రాశయం తీసేయాలా వద్దా అన్నది దాన్ని బట్టే ఉంది. దిమ్మలో మైనం తప్ప ఏమీ మిగల్లేదు.

"ముక్కంతా ఏమైంది?"

"నేనే కోసేశాను మేడమ్. మా అన్నయ్యది."

డాక్టరమ్మ తల పట్టుకుంది. "మళ్లీ మత్తిచ్చి, గొట్టం వేసి ముక్క తీయాలి. ఇంకో మూడు వారాలు పోయినట్టే. ఆ మాట ఆయనకి నువ్వే చెప్పు."

సాయంత్రం ఆయన ఇంటికి తోడుగా నేనూ వెళ్లాను. అన్నయ్య మంచం మీద కూర్చుని ఉన్నాడు.

"తప్పు నాదే అన్నయ్యా. నీ ముక్కని మూడుసార్లు పరీక్ష చేసి అంతా అవగొట్టాను. నువ్వు మళ్లీ ఆపరేషన్ థియేటర్‌కి రావాలి."

లెక్క సంగతి మాత్రం మింగేసింది.

తిడతాడనుకున్నాను. ఆయన చెల్లెలి మొహంలోకి చూశాడు.

"మూడుసార్లు చేశావా? బాగుంటే ఒక్కసారితో ఊరుకునేదానివి కదమ్మా."

ఆమె ఆయన చెయ్యి పట్టుకుని ఏడ్చేసింది.