మూడు చుక్కల హబ్బు

నర్సమ్మ సంచిలోంచి చక్రం నడుమ ఉండే హబ్బు తీసి బల్ల మీద పెట్టి, గెలిచొచ్చినదానిలా నడుం మీద చేతులేసుకుని నిలబడింది.

"స్పోకులకు సరిగ్గా నలభై చిల్లులు! లెక్కపెట్టుకో చక్రాలక్కా. ఇరుసు సరిపోయింది, పళ్లచక్రం బోల్టులు సరిపోయాయి. మూడు వారాలు కాళ్లరిగేలా తిరిగితే తుక్కు షావుకారు దగ్గర దొరికింది. పైగా చూడు, మేస్త్రిగారి గుర్తు!"

హబ్బు అంచున పక్కపక్కనే మూడు చుక్కలు. చక్రాలక్క వాటిని వేలితో తడిమింది. కళ్లద్దాలు తుడుచుకుని మళ్లీ తడిమింది.

నర్సమ్మది వాళ్ల నాన్న నడిపిన మోటారుసైకిలు. దాన్ని తయారుచేసిన కంపెనీ మూతపడి ఒక తరం గడిచిపోయింది. మంచం దిగలేని రోగులుండే గుట్టమీది ఇళ్లకు ఆ బండి మీదే వెళ్లి కట్లు కట్టొస్తుంది. పోయిన నెల వెనక హబ్బు పగిలింది. ఇప్పటి బండ్ల హబ్బులకు ముప్పయ్యారు చిల్లులే. "కాస్త అరగదీసి, ఒక వాషరేస్తే సెట్టయిపోతుంది" అన్నారు దుకాణాలవాళ్లందరూ. ఆ సెట్టయిపోతుందన్న మాట వింటేనే చక్రాలక్కకు ఒళ్లు మండుతుంది. గుట్ట దిగేటప్పుడు వెనక చక్రం విరిగితే ఆ పిల్ల ఎముకలు ఏరుకోవాలి.

చక్రాలు కట్టడం ఆమెకు భర్త అయిన మేస్త్రి దగ్గర వచ్చిన విద్య. ఆయనకు చెయ్యి వణకడం మొదలైన ఏడాది ఆమె స్పోకులు పట్టుకుంది. ఆ తర్వాత పదహారేళ్లు ఆయన వాకిట్లో స్టూలు మీద కూర్చుని వచ్చినవాళ్లతో కబుర్లాడాడు, లోపల ఆమె చక్రాలు కట్టింది. బోర్డు మీద ఆయన పేరు, మెచ్చుకోళ్లు ఆయనకు, నడుంనొప్పి ఆమెకు. మేస్త్రి చెయ్యి పడితే చక్రం ఊగదని ఊరంతా అంటుంటే ఆయన నవ్వి ఊరుకునేవాడు. ఆమె కూడా ఊరుకునేది. ఇళ్లలో ఇలాంటి దొంగతనాలకు కేసులుండవు. ఆయన పోయి నాలుగేళ్లయింది. బోర్డు అలాగే ఉంది.

ఇక ఆ చుక్కల సంగతి. నేర్చుకునే రోజుల్లో ఆమె మొదటి స్పోకు ఒక చిల్లు అటో ఇటో పెట్టేసేది. చక్రమంతా కట్టాక చూస్తే గాలికొట్టే చోటు స్పోకుల మధ్య ఇరుక్కుని, పంపు దూరేది కాదు. "చక్రం బ్రహ్మాండం, గాలి మాత్రం నోటితో ఊదుకోవాలి" అని మేస్త్రి పడీపడీ నవ్వేవాడు. రోషంతో ఆమె ఒకరోజు మొదలుపెట్టాల్సిన చిల్లు పక్కన మూడు చుక్కలు కొట్టుకుంది. అదే అలవాటైంది. ఊరు దాన్ని మేస్త్రి గుర్తనుకుంది.

ఇప్పుడు తన ముందున్న చుక్కలు ఏ చిల్లు పక్కనా లేవు. రెండు చిల్లుల నడుమ, ఎవరికీ పనికిరాని చోట ఉన్నాయి.

"ఇవి ఆయనవి కావే."

"మరెవరివి?"

చక్రాలక్క హబ్బును కిరసనాయిలులో ముంచి, పొడిగుడ్డతో తుడిచి, పైన సుద్దపొడి చల్లింది. పగులుంటే అందులో దాక్కున్న నూనె పైకొస్తుంది. కాసేపటికి తెల్లటి పొడి మీద నల్లటి గీత ఒకటి పైకి తేలి, చిల్లు నుంచి చిల్లుకు పాకింది. అక్కడా ఆగలేదు, అయిదు చిల్లుల దాకా పోయింది.

నర్సమ్మ స్టూలు మీద కూలబడింది. "రేపు దీన్నే బిగించమందును కదక్కా!"

ఇద్దరూ తుక్కు దుకాణానికి వెళ్లేసరికి షావుకారు బాసింపట్టు వేసుక్కూర్చుని, ఒళ్లో హబ్బు పెట్టుకుని, సుత్తీ మేకుతో చుక్కలు కొడుతున్నాడు. తడబాటన్నది లేదు.

"రా వదినా! జనం మేస్త్రన్న గుర్తు కావాలంటున్నారు, పెడుతున్నాను. పోయినా ఆయన పేరు బతికిస్తున్నాను చూడు."

"పగిలినవాటికి కూడా పెడుతున్నావు."

"పాత సరుకు వదినా. చిన్నచిన్న గీతలుంటాయి."

"ఆ చుక్కలంటే ఏంటో తెలుసా నీకు?"

"తెలీకేం? గట్టి సరుకని."

"మొదటి స్పోకు ఇక్కడ పెట్టాలని! అంతకన్నా ఏం లేదు. నా మతిమరుపుకి నేను కొట్టుకున్న చుక్కలవి."

షావుకారు పకపకా నవ్వాడు. "ఊరుకో వదినా, నీ జోకులూ నువ్వూ!"

ఆమె అతన్ని దాటుకుని కుప్ప దగ్గరికి వెళ్లింది. చుక్కలున్నవి ఒక్కొక్కటే వేలాడదీసి స్పానరుతో తట్టింది. పగిలిన కుండల్లా పలికాయి. కరగబెట్టడానికి పంపే గంపలో, అడుగున, మట్టికొట్టుకున్న నలభై చిల్లుల హబ్బు ఒకటి కనబడింది. తట్టితే గణగణమంది. సుద్దపొడి చల్లితే తెల్లగానే ఉండిపోయింది. కొలతలన్నీ కలిశాయి.

"దీన్నెందుకు గంపలో పడేశావ్?"

"దానికి చుక్కల్లేవుగా. ఆ మకిలిదానికి కొట్టినా దండగే. ఎవరు కొంటారు?"

మంచిదేమో కొలిమిలోకి, చచ్చుదేమో తన గుర్తుతో రోడ్డు మీదికి! ఆమె హబ్బును నర్సమ్మ చేతిలో పెట్టి అడిగింది: "ఇలాంటివి ఎన్ని అమ్మావయ్యా?"

"ఏమో. ఎవరు గుర్తుపెట్టుకున్నారు? అదిగో, ఆయనకొకటి."

వీధిలో ఒకతను పాత మోటారుసైకిలు స్టార్టు చేస్తున్నాడు. వెనక భార్య, ఆమె ఒళ్లో పాప. తళతళలాడే వెనక హబ్బు అంచున మూడు చుక్కలు. చక్రాలక్క చెప్పులు వేసుకోకుండానే పరిగెత్తి హ్యాండిలు పట్టుకుంది.

"ఆపు బాబూ! దిగండి!"

"ఏమైందమ్మా? మొన్నే వేయించాను. మేస్త్రి గుర్తు చూసి మరీ కొన్నాను."

"అది దొంగ గుర్తు. హబ్బు పగిలుంటుంది."

"దొంగదని మీకెలా తెలుసు?"

ఇన్నేళ్లలో ఆ ప్రశ్న చక్రాలక్కను ఎవరూ అడగలేదు.

"ఎందుకంటే అసలుది నాది. మేస్త్రి పేరుతో నడిచిన చక్రాలన్నీ పదహారేళ్లు కట్టింది నేను. ఇది నేను కట్టలేదు."

"వదినా!" దుకాణంలోంచి షావుకారు కేక. "చచ్చినోడి పరువు వీధిలో పెడుతున్నావ్!"

ఆమె వెనక్కి చూడలేదు. హ్యాండిలు వదల్లేదు. సీటు మీది మనిషి ఆమె నల్లటి వేళ్లకేసి ఒకసారి, దుకాణం కేసి ఒకసారి చూస్తూ ఇంజను ఆపకుండా కూర్చున్నాడు. భార్య పాపను చంకనేసుకుని కిందికి దిగింది.

"ఇంకా ఏం చూస్తున్నావ్?" అంది మొగుడితో. "దిగు."