ఐదు లాట్స్ నాణెం

2023లో అమెరికాలో, నేపర్‌విల్‌లోని ఒక పాత నాణేల షాపులో పనిచేసేదాన్ని. ఏది అసలో ఏది నకిలీయో తేల్చడం నా పని. ఒక మధ్యాహ్నం శ్రావణి అనే అమ్మాయి రుమాల్లో చుట్టిన వెండి నాణెం నా ముందు పెట్టింది. పక్క ఊరు అరోరాలో ఒక ముసలావిడకి హోమ్‌కేర్ నర్సునని చెప్పింది.

అది లాత్వియా దేశపు ఐదు లాట్స్. ఒకవైపు పల్లెపడుచు ముఖం, రెండోవైపు సింహం ఉన్న దేశచిహ్నం ఉంటాయి. 1940లో సోవియట్ సేనలు వచ్చాక లాట్స్ పోయి రూబుల్ వచ్చింది. అయినా చాలామంది ఈ నాణేన్ని తమ దేశానికి గుర్తుగా రహస్యంగా దాచుకున్నారు. స్వాతంత్ర్యం వచ్చాక లాట్స్ తిరిగొచ్చింది, 2014లో యూరో రావడంతో మళ్లీ పోయింది.

తూచాను. ఉండాల్సిన పాతిక గ్రాముల కన్నా కాస్త ఎక్కువ. పైగా కొత్తదానిలా మెరుస్తోంది. నాకు అనుమానం వచ్చింది.

"ఎవరిది?"

"మా పేషెంట్‌ది ఆంటీ. రియలో కాదో చెక్ చేయించమంది. వాళ్లబ్బాయికి మాత్రం తెలియొద్దంది."

ఆ మాటతో అనుమానం నాణెం మీంచి అమ్మాయి మీదికి మళ్లింది. "ప్రొవెనెన్స్ కావాలి" అన్నాను. అంటే ఎవరి చేతుల్లోంచి వచ్చిందో ఆ వివరం. "ఆవిడతో మాట్లాడేదాకా ఇది ఇక్కడే ఉంటుంది."

శ్రావణి ముఖం ఎర్రబడింది. "నేను కొట్టేశాననుకుంటున్నారా?"

నేను నాణేన్ని నా వైపుకి లాక్కున్నాను. తనే ముసలావిడకి ఫోన్ చేసి స్పీకర్ పెట్టింది. నాణెం ఎందుకు చెక్ చేయించమన్నారని అడిగాను.

"మా అబ్బాయి పాలిష్ చేయించి తెచ్చాడు" అంది ముసలావిడ ఇంగ్లీషులో. "అప్పట్నుంచి, అసలుది తీసేసి వేరేది పెట్టాడేమోనని నిద్ర పట్టడం లేదు. కన్నకొడుకుని ఎలా అడగను? మా అమ్మ దాన్ని బ్రోచ్‌గా చేయించుకుని, ఎవరికీ కనబడకుండా లోపలి బట్టలకి పెట్టుకునేది. తరవాత భయపడి పిన్ను పీకేసింది."

"పిన్ను ఎటువైపు?"

"సింహం ఉన్నవైపు. రెండుచోట్ల అతికించారు."

నాణెం తిప్పి లెన్స్ కింద పెట్టాను. పాలిష్‌కి అరిగినా రెండు సోల్డర్ మచ్చలు ఆవిడ చెప్పిన చోటే ఉన్నాయి. అదనపు బరువు ఆ అతుకుదే.

"ఇది మీ అమ్మగారిదే" అన్నాను.

"పాపం, మా అబ్బాయి" అంది ముసలావిడ.

నాణెం తిరిగిస్తూ శ్రావణికి సారీ చెప్పాను. "అడగడం తప్పు కాదాంటీ. కానీ అడక్కముందే డిసైడ్ అయిపోయారు" అంది, రుమాలు మడుస్తూ.

నిజమే. ఖరీదైన కోటు వేసుకుని వచ్చినవాళ్లని అదే ప్రశ్న నేను నవ్వుతూ అడిగేదాన్ని. ఇప్పుడు అందరినీ కూర్చోబెట్టి, ఒకే గొంతుతో అడగాలని చూస్తాను. ప్రతిసారీ కుదురుతోందని మాత్రం చెప్పలేను.