తెల్లకణాలు ఎవరూ ఎక్కించరు

మీ పత్రికలో ఈ ఆరోగ్యం పేజీకి నేను రాయడం ఇది మూడోసారి. మొదటి రెండుసార్లూ జవాబు రాలేదు. పూర్తిగా కోలుకున్నవాళ్ల అనుభవాలే వేస్తారని తర్వాత ఎవరో చెప్పారు. నేను పూర్తిగా కోలుకోలేదు, సగంలో ఉన్నాను. సగంలో ఉన్నవాడి మాట కూడా ఎవరో ఒకరు వినాలి కాబట్టి మళ్లీ రాస్తున్నాను.

విజయవాడలో ఒక ప్రైవేటు స్కూల్లో పీఈటీగా, అంటే ఆటల మాస్టారుగా పనిచేస్తున్నాను. వయసు నలభై ఆరు. నా భార్య పోయి చాలాకాలమైంది, పిల్లలు లేరు. బెంజ్ సర్కిల్‌కి దగ్గర్లో ఒక సందులో మేడ మీద వాటాలో ఉంటాను. కింద ఇంటి ఓనరు కరీముల్లా గారు. టైలరు.

ఆ రోజు గ్రౌండులో ఖోఖో సెలక్షన్లు జరుగుతున్నాయి. విజిల్ ఊది నోట్లోంచి తీస్తే దాని మీద రక్తం ఉంది. చిగుళ్లలోంచి వస్తోంది. అంతకు కొన్నాళ్ల ముందు నుంచే మేడ మెట్లు ఎక్కుతుంటే మధ్యలో ఆగాల్సి వచ్చేది. కాళ్ల మీద సన్నటి ఎర్ర చుక్కలు కనిపిస్తే దోమకాట్లనుకున్నాను. ప్రిన్సిపాల్ గారికి చెబితే, "మాస్టారూ, మీరే ఆయాసపడితే పిల్లలేం పరిగెడతారండీ" అని నవ్వారు. ఆ నవ్వు నాకింకా గుర్తుంది.

దగ్గర్లో ఉన్న క్లినిక్‌కి వెళ్లి రక్తపరీక్ష చేయించుకున్నాను. డాక్టరు గారు కాగితం చూసి, "ప్లేట్‌లెట్లు తగ్గాయి, డెంగ్యూ సీజను కదండీ" అన్నారు. డెంగ్యూ టెస్టు నెగటివ్ వచ్చింది. "ఒక్కోసారి అలాగే వస్తుంది" అన్నారు. అదే కాగితంలో హెమోగ్లోబిన్ పక్కన, తెల్లకణాల పక్కన కూడా తక్కువని గుర్తు పెట్టి ఉంది. వేలు పెట్టి చూపించాను. "వైరల్‌లో అన్నీ తగ్గుతాయండీ, రెస్ట్ తీసుకోండి" అన్నారు.

స్టాఫ్‌రూమ్‌లోనూ అంతే. జ్వరం ఉందా, తింటున్నావా అని అడిగినవాళ్లు లేరు. "ప్లేట్‌లెట్స్ ఎంత మాస్టారూ?" ఇదొక్కటే ప్రశ్న. మన ఊళ్లో ఎవరికి ఏ నలత చేసినా క్రికెట్ స్కోరు అడిగినట్టు అదే అడుగుతారు. అందరూ బొప్పాయి ఆకు రసం తాగమన్నారు. తాగాను. అంత చేదు నేను జన్మలో ఎరగను. నాలుగో పూట మెట్ల మీదే కూలబడ్డాను. కరీముల్లా గారు మిషను మీంచి లేచొచ్చి, "ఏంది మాస్టారూ, పీల్చిన గాలంతా ఎక్కడికి పోతందండీ మీకు?" అంటూ ఆటోలో పెద్దాసుపత్రికి తీసుకెళ్లారు.

ఆ ప్రశ్నకు జవాబు అక్కడ రక్తం జబ్బులు చూసే హెమటాలజిస్ట్ గారు చెప్పారు. నాకంటే చిన్నావిడ. నన్ను కూర్చోబెట్టి మాట్లాడిన మొదటి డాక్టరు ఆవిడే.

"రక్తంలో మూడు రకాల కణాలుంటాయండీ. మీరు పీల్చిన గాలిలో ఆక్సిజన్‌ని ఒళ్లంతా మోసుకెళ్లేవి ఎర్రకణాలు. అవి తగ్గాయి, అందుకే ఆయాసం. రక్తనాళానికి ఎక్కడ చిల్లు పడితే అక్కడ పోగై మూసేవి ప్లేట్‌లెట్లు. అవి తగ్గాయి, అందుకే చిగుళ్లు, ఈ చుక్కలు. ఇన్ఫెక్షన్‌తో పోరాడేవి తెల్లకణాలు. అవీ తగ్గాయి. డెంగ్యూలో హెమోగ్లోబిన్ ఇంతగా పడిపోదు. మూడూ కలిసి పడ్డాయంటే అవి తయారయ్యే చోటే ఏదో అయింది."

తయారయ్యే చోటు ఎముకల లోపలి మూలుగ. నడుం కింద ఎముకలోకి సూది దించి bone marrow biopsy చేశారు. రిపోర్టు aplastic anemia అని వచ్చింది. కణాలు ఉండాల్సిన చోట కొవ్వు ఉందట. "క్యాన్సర్ కాదు. కానీ తేలిగ్గా తీసుకునే జబ్బూ కాదు" అన్నారావిడ.

నాకే ఎందుకు వచ్చిందని అడిగాను. ఆవిడ విసుక్కోలేదు.

"తెల్లకణాల్లో మళ్లీ రకాలున్నాయండీ. న్యూట్రోఫిల్స్ ముందు పరిగెత్తేవి. బ్యాక్టీరియాని మింగి అవీ చచ్చిపోతాయి. లింఫోసైట్స్ వేరు. ఒకసారి శత్రువును చూస్తే ఏళ్ల తరబడి గుర్తుపెట్టుకుంటాయి. టీకాలు పనిచేసేది అందుకే."

"మంచిదే కదండీ."

"మంచిదే. మీ విషయంలో మాత్రం అవి మీ మూలుగనే శత్రువనుకుని కొడుతున్నాయి."

"ఎందుకనుకున్నాయండీ?"

"చాలామందిలో కారణం తెలియదు."

ఈ జవాబు నాకు ఇప్పటికీ సరిపోలేదు.

ఎర్రకణాల సంచులు ఎక్కించారు. ముఖం కాస్త తేటపడింది. తర్వాత లేత పసుపు రంగులో ప్లేట్‌లెట్ల సంచి వచ్చింది. అవి ఒంట్లో కొద్దిరోజులే ఉంటాయట, అందుకే మళ్లీ మళ్లీ పెట్టేవారు. ఎవరెవరిదో రక్తం. వాళ్ల పేర్లు నాకు చెప్పలేదు. ఒకరోజు స్టాఫ్ నర్సు మేరీ సిస్టర్‌ని, "తెల్లకణాలు కూడా ఓ సంచి పెట్టేయండమ్మా, పనైపోతుంది" అన్నాను.

"అవి మామూలుగా ఎక్కించరు సార్. ఒంట్లో నిలవవు. మీవి మీకు తయారయ్యేదాకా మిమ్మల్ని మేమే కాపాడాలి."

"ఎట్టా కాపాడతారు?"

"తలుపేసి" అంది సిస్టర్, మాస్కు సర్దుకుంటూ.

ఆ తలుపు సంగతే నేను ముఖ్యంగా రాయాలనుకున్నది. మన వైపు మంచాన పడ్డ మనిషిని చూడటానికి వెళ్లకపోతే పెద్ద మాటవుతుంది. తోటి మాస్టర్ల ఆపరేషన్లకీ, వాళ్లింట్లో కాన్పులకీ, ఆఖరికి పన్ను పీకించుకున్నవాడికీ కూడా నేను పళ్లు పట్టుకుని వెళ్లాను. నా దగ్గరికి మొదట్లో నలుగురైదుగురు వచ్చారు. విజిటర్స్‌కి పర్మిషన్ లేదంటే కింద రిసెప్షన్ నుంచే వెళ్లిపోయారు. తర్వాత ఫోను కూడా లేదు. ఫోనులోంచి సూక్ష్మక్రిములు రావు. ఆ సంగతి వాళ్లకి తెలియదనుకోను.

గదిలో పువ్వులుండకూడదు. పచ్చివి తినకూడదు. పెరుగు కూడా వద్దన్నారు. కిటికీలోంచి హైవే మీద బస్సులు కనిపించేవి, చప్పుడు మాత్రం వినిపించేది కాదు. ATG అనే మందు ఎక్కించారు, గుర్రం రక్తంలోంచి తీస్తారట. నన్ను కొడుతున్న లింఫోసైట్స్‌ని అణచడానికి. ఎక్కుతున్నంతసేపూ చలి, వణుకు. పట్టుకోవడానికి మంచం రెయిలింగు తప్ప ఏమీ లేదు. కళ్లు మూసుకుని ప్రార్థన చేసుకుంటే నా గొంతు నాకే కొత్తగా వినిపించింది. అన్నాళ్లు డాక్టర్లతో, సిస్టర్లతో తప్ప ఎవరితోనూ మాట్లాడలేదు.

సరిగ్గా ఆ రోజుల్లోనే నా తమ్ముడు దయానందం వచ్చాడు.

మా ఊరు కూచిపూడి దాటి లోపలికి వెళ్లాలి. తమ్ముడు అక్కడే వ్యవసాయం చేస్తాడు. మా ఇద్దరికీ కొన్నాళ్లుగా మాటల్లేవు. నాన్న పోయినప్పుడు చర్చిలో పెట్టిన ఆదరణ కూడిక కార్డులో తన పేరొక్కటే వేయించాడు. నేను పెద్దకొడుకుని. అడిగితే ప్రెస్సువాడి మీదికి తోసేశాడు. అలాంటివాడు నా సంగతి ఎవరి ద్వారానో విని, కొబ్బరిబోండాలు, మరదలు తోడుపెట్టిన పెరుగు, ఓ కట్ట బొప్పాయి ఆకులూ మోసుకుని బస్సులో వచ్చాడు. కింద ఎవరికి ఏం చెప్పాడో, మేడెక్కి నా గది గుమ్మం దాకా వచ్చేశాడు. తలుపు తోసి లోపలికి అడుగు పెట్టబోతున్నాడు. చెప్పుల నిండా మట్టి, చంకలో ఆకులు. అప్పటికి నా న్యూట్రోఫిల్స్ దాదాపు సున్నా. అరుద్దామంటే నోటినిండా పుళ్లు. గ్రౌండులో పిల్లల్ని లైను వదిలి పొమ్మన్నట్టు చెయ్యి విసిరాను, రెండుసార్లు. వాడు నా చేతి వంక చూశాడు. సంచులన్నీ గుమ్మంలో పెట్టి వెళ్లిపోయాడు. వాటిని లోపలికి రానివ్వలేదు.

తర్వాత జ్వరం వచ్చింది, యాంటీబయాటిక్స్ పెట్టారు, తగ్గింది. ఇంటికి పంపారు. లింఫోసైట్స్‌ని అణచి ఉంచడానికి ఇచ్చిన సైక్లోస్పోరిన్ బిళ్లలకి చిగుళ్లు వాచాయి, కిడ్నీ పరీక్ష కాస్త తేడాగా వస్తే డోసు తగ్గించారు. కరీముల్లా గారింట్లో వండిన అన్నం పొగలు కక్కుతుండగా మెట్ల మీద పెట్టి, ఆయన కిందే నిలబడి కబుర్లు చెప్పేవారు. నెలల తరబడి నేను చూసిన మాస్కులేని ముఖాలు టీవీలోవే.

మెల్లగా కణాలు లేచాయి. ఇప్పుడు రక్తం ఎక్కించడం లేదు. న్యూట్రోఫిల్స్ ఉండాల్సిన కనీసపు గీత దాటాయి, ప్లేట్‌లెట్లు సగం దారిలో ఆగాయి. అయితే పోయినసారి డాక్టరు గారు ఒక మాటన్నారు. "మళ్లీ పడిపోతే మూలుగ మార్పిడే దారండీ. కొత్త మూలుగ కుదురుకుంటే మూడు రకాల కణాలూ అదే తయారుచేస్తుంది. తోడబుట్టినవాళ్లు ఎంతమంది?"

"ఒక్కడే. తమ్ముడు."

"ఆయన మూలుగ మీతో కలిసే అవకాశం నాలుగింట ఒక వంతు. ముందు కలుస్తుందో లేదో చెప్పే HLA టెస్టు చేయించండి. ఆయన ఇవ్వాల్సింది ఒక చిన్న ట్యూబు రక్తం. పడిపోయాక వెతుక్కోవడం కాదు, ఇప్పుడే తెలుసుకుని ఉంచుకుందాం."

తమ్ముడికి ఫోను చేశాను. ఎత్తలేదు. టెస్టు సంగతి రాసి వాట్సాప్‌లో మెసేజ్ పెట్టాను. నీలం గీతలు పడ్డాయి, జవాబు లేదు. చివరికి కరీముల్లా గారు తన ఫోను నుంచి చేసి స్పీకరు పెట్టారు.

"దయానందం గారూ, మీ అన్నయ్య గురించి మాట్లాడదామనండీ."

"అన్నయ్యా? సచ్చిపోతన్నాడేమో అని పరిగెత్తుకొస్తే గుమ్మంలోంచే కుక్కని తోలినట్టు తోలాడండీ. ఆ కార్డు సంగతి ఇంకా మనసులో పెట్టుకున్నాడు. ఇప్పుడు నా రక్తం కావాల్సొచ్చిందా?"

"అప్పుడాయనకి తెల్లకణాలు లేవయ్యా. మీరు లోపలికొస్తే ప్రమాదం. రానీయొద్దని డాక్టర్ల ఆర్డరు."

వెనకనుంచి మరదలి గొంతు: "వెన్నుపూసలోంచి తీస్తారంట అన్నయ్యగారూ, పొలంపని చేసుకునే మనిషి!"

"ఇప్పుడు తీసేది చేతిలోంచేనమ్మా, ఒక్క ట్యూబు."

"చూద్దాంలెండి" అని తమ్ముడు ఫోను పెట్టేశాడు. అదే ఆఖరి మాట.

ఇప్పుడు నేను సగం పూట స్కూలుకి వెళ్తున్నాను. నీడలో కూర్చుని పిల్లల్ని ఆడిస్తాను. చదివేవాళ్లకి నేను చెప్పేది ఒక్కటే. రక్తకణాల లెక్క చెప్పే CBC రిపోర్టు చేతికొస్తే ప్లేట్‌లెట్ల దగ్గర ఆగిపోకండి. హెమోగ్లోబిన్, తెల్లకణాలు, ప్లేట్‌లెట్లు, మూడూ చూడండి. మూడూ తక్కువుంటే ఎవరేమన్నా వినకుండా హెమటాలజిస్ట్ దగ్గరికి వెళ్లండి.

మిగిలింది నా తమ్ముడికి. మరదలు ఈ పేజీ వదలకుండా చదువుతుందని నాకు తెలుసు.

ఒరేయ్ దయానందం, నేను బతిమాలను, అది నీకు తెలుసు. ఆ రోజు నా చెయ్యి నిన్ను పొమ్మంది నిజమే. నువ్వు వెళ్లాక తలుపు వేశారు, నువ్వు నిలబడ్డ చోటునే చాలాసేపు చూస్తూ పడుకున్నాను. అది నీకు కనపడలేదు. నీ మూలుగ నాతో కలవకపోవచ్చు. కలవకపోతే వేరేవాళ్ల కోసం వెతుక్కుంటాను. ఇవ్వనంటే ఇవ్వనని చెప్పు, అది కూడా జవాబే. చూద్దాంలెండి అన్నది జవాబు కాదు. వచ్చేవారం డాక్టరు గారు మళ్లీ అడుగుతారు, మీ తమ్ముడు ఏమన్నాడండీ అని. ఏమని చెప్పమంటావు?