పదిహేను కిలోల లోపు

నోరు మంచిదైతే ఊరు మంచిదంటారు. మౌలాబీకి ఊళ్ళో మంచివాళ్ళే కనబడలేదంటే కారణం వేరే చెప్పక్కర్లేదు. అద్దంకిలో ఒక మిర్చి గోదాములో తొడిమలు తీసే కూలికి వెళ్ళేది. అక్కడ మేస్త్రీతో తగువు, ఇంటికొస్తే అత్త మదార్‌బీతో తగువు. మొగుడు లారీ క్లీనరు. నెలలో ఇరవై రోజులు బయటే ఉండేవాడు, ఇంట్లో ఉన్న పది రోజులూ ఎందుకొచ్చానా అనుకునేవాడు.

వాళ్ళకి ఒక్కగానొక్క కూతురు సాజిదా. రెండు వేల రెండులో, మూడేళ్ళ పిల్ల, ఆడుకుంటూ ఆడుకుంటూ చతికిలబడిపోయింది. ఒళ్ళంతా చెమట. గౌను కింద కోడిపిల్లను దాచినట్టు గుండె కొట్టుకుంటోంది. గుంటూరులో పిల్లల డాక్టరు చూసి, గుండె లయ తప్పుతోందని మాత్ర రాశాడు. పావు మాత్ర చొప్పున మూడు పూటలా వెయ్యాలి, ఒక్క పూట కూడా మానకూడదు. ఈ మందు బరువును బట్టి ఇవ్వాలమ్మా, పిల్ల పదిహేను కిలోలు దాటగానే తీసుకురా, మోతాదు పెంచాలి అని మరీ మరీ చెప్పాడు.

మందు పనిచేసింది. ఏడాది దాటినా దడ రాలేదు. మదార్‌బీకి మాత్రం ఆ మాత్రలంటే గిట్టదు. దర్గాలో తాయెత్తు కట్టిస్తే పోయేదానికి రోజూ ఈ విషమేమిటని వీధంతా చెప్పేది. కోడలు పనికి పోయాక మధ్యాహ్నం మాత్ర వెయ్యాల్సింది ఆవిడే. తిడుతూనే వేసేది.

నెలనెలా మౌలాబీ పిల్లను గోదాముకు తీసుకుపోయి కాటా మీద కూర్చోబెట్టేది. కాటా వేసే సిలార్ బస్తాల బరువు చెప్పినట్టే గొంతెత్తి చెప్పేవాడు. మొదట్లో పన్నెండు అన్నాడు, కొన్నాళ్ళకి పదమూడు, తర్వాత పద్నాలుగు అన్నాడు. పదిహేను దాటలేదు కదా అని మౌలాబీ గుంటూరు వెళ్ళలేదు.

తర్వాతి ఎండాకాలం దడ మళ్ళీ మొదలైంది. ముందు నెలకొకసారి, తర్వాత వారానికొకసారి. మౌలాబీ ఇంక ఆలోచించలేదు. వాకిట్లో నిలబడి, నలుగురూ వింటుండగా అత్త మీద పడింది.

"మధ్యాహ్నం మాత్ర కాలవలో పారేస్తున్నావు. నీ మనవరాలిని నువ్వే చంపుతున్నావు."

అంత పెద్ద మనిషీ ఖురాన్ మీద ఒట్టు వేసింది. మౌలాబీ వినలేదు. ఆ సాయంత్రమే మదార్‌బీ బట్టలు మూటగట్టుకుని పిడుగురాళ్లలో కూతురింటికి బస్సెక్కింది.

అత్త పోయింది గాని దడ పోలేదు. పదో రోజున గంట దాటినా గుండె నెమ్మదించకపోతే, కారు మాట్లాడుకుని పిల్లను గుంటూరు చేర్చింది. సూదిమందుతో దారికొచ్చింది. డాక్టరు తూకం చూసి, పదహారు కిలోలున్న పిల్లకు ఇంకా పావు మాత్రేనా అని మండిపడ్డాడు. మౌలాబీ ఊరుకుంటుందా? మీ తూకమే తప్పు, మొన్ననే మా కాటా మీద పద్నాలుగుంది అని ఎదురు తిరిగింది.

అర మాత్ర రాయించుకుని వచ్చి, తిన్నగా గోదాముకు పోయి సిలార్‌ని నిలదీసింది. అతను తెల్లమొహం వేశాడు.

"మిర్చి టిక్కీ బస్తాకి రెండు కిలోలు తరుగు తీసి చెప్పడం అలవాటైపోయింది కదమ్మా. ముల్లు ఏం చూపించినా నోటికి అదే వస్తుంది."

మౌలాబీ అతన్ని తిట్టినంత తిట్టింది. తిట్లయిపోయాక గాని తట్టలేదు. బస్తా బస్తాకీ ఆ తరుగు తీయడం పదేళ్ళుగా రోజూ వింటున్నది తనే. సిగ్గుతో చచ్చిపోయింది.

అర మాత్రకు దడ ఆగిపోయింది. మర్నెల పిడుగురాళ్ల వెళ్ళి, అత్త పక్కన కూర్చుని, తప్పు నాదేనని మెల్లగా చెప్పింది. మదార్‌బీ మంచినీళ్ళు కూడా ఇవ్వలేదు.

"వీధిలో అన్నావు. ఇక్కడికొచ్చి చెవిలో చెప్తే సరిపోద్దా?"

మౌలాబీ అద్దంకి తిరిగొచ్చింది. మూడో రోజు పొద్దున, వీధిలో ఆడవాళ్ళు నీళ్ళు పట్టుకుంటుంటే వాకిట్లోకి వచ్చి నిలబడింది.

"మా అత్త ఒక్క మాత్ర కూడా పారెయ్యలేదు. తక్కువ మందు వేసి పిల్లను చంపబోయింది నేను."

ఎవరూ అయ్యో అనలేదు. ఒకావిడ మాకు ముందే తెలుసంది.

ఆ మాట పిడుగురాళ్ల చేరడానికి వారం పట్టింది. మదార్‌బీ మూటతో దిగింది. కోడలు ఎదురొస్తే తల తిప్పుకుని, మాత్రలెక్కడున్నాయని పిల్లనడిగింది.